దేవకమ్మ మూడో బల్ల

ముందు చప్పుడు వచ్చేది. గేటు పక్క గదిలో నేను హాజరు పుస్తకం తెరిచేసరికి, పండ్లు కడిగే తొట్ల వెనక నుంచి రాతి మీద ఇనుము నడుస్తున్న చప్పుడు. ఒక కత్తి కాదు, పది కత్తులు. అన్నీ కలిసి కాదు. ఒకటి ఆగుతుంటే ఇంకొకటి అందుకుంటూ, వాన వెలిసిన ఇంటి చూరులాగా. ఆ చప్పుడు పూర్తిగా ఆగిన కాసేపటికి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒక మనిషి నా కిటికీ దగ్గరికి వచ్చేది. పొట్టి మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. మామిడి సొన పడి పడి కుడిచేతి బొటనవేలు నల్లబడిపోయింది.

"మూడో బల్ల పదిమందీ వచ్చినారు. రాసుకో రైటరప్పా."

అంతే. వెళ్ళిపోయేది.

ఆమె దేవకమ్మ. ఆ ఫ్యాక్టరీ చిత్తూరు నుంచి పుత్తూరు పోయే దారిలో ఉండేది. ఎండలు ముదిరితే తోతాపురి కాయలు ట్రాక్టర్లలో వచ్చి, గడ్డి పరుపుల మీద మాగి, తొక్క ఒలిపించుకుని, గుజ్జయి, రేకు డబ్బాల్లోకి వెళ్ళిపోయేవి. మూడు నెలలు అక్కడి గాలికి కూడా పసుపు రంగు ఉండేది. తర్వాత తొమ్మిది నెలలు గేటుకు తాళం. 1979 నుంచి నాలుగు సీజన్లు నేను అక్కడ గుమాస్తాగా ఉన్నాను. గుమాస్తాను ఆ ఆడవాళ్ళు రైటరనేవాళ్ళు.

ఒలిచే షెడ్డులో కడప రాయి పరిచిన పొడవాటి బల్లలు ఆరు. బల్లకు పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళలో ఒకరు పెద్ద. మిగతా అయిదు బల్లలూ ఒక్కో బల్ల ఒక్కో ఊరు. ఒకే ట్రాక్టరులో వచ్చి ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు. ఊళ్ళో తగాదాలు కూడా వాళ్ళతోపాటే దిగి వచ్చి బల్ల మీద కూర్చునేవి. మూడో బల్ల మాత్రం ఏ ఊరిదీ కాదు. వేరే బల్లల్లో ఇమడనివాళ్ళు, ఆలస్యంగా పనికి వచ్చినవాళ్ళు, ఒంటరిగా బస్సు దిగినవాళ్ళు అక్కడ చేరారు. ఏడు ఊళ్ళ మనుషులు. ఒకరి చెంబులో నీళ్ళు ఒకరు తాగనివాళ్ళు. గోడవారన పది చెంబులు విడివిడిగా ఉండేవి. దేవకమ్మ వాటి జోలికి ఎప్పుడూ పోలేదు.

అయినా ఆ బల్ల మీద గొంతు పెరగడం నేను వినలేదు. తొక్క సరిగా పోని పండ్లను గుజ్జు యంత్రం దగ్గరివాళ్ళు ఒక బుట్టలో వేసి వెనక్కి పంపేవాళ్ళు. దాన్ని తిరుగు బుట్ట అనేవాళ్ళు. మూడో బల్లకు తిరుగు బుట్ట రోజు మొత్తంలో ఒకసారి వస్తే ఎక్కువ. ఎందుకో తెలుసుకోవాలనిపించింది. మొదటి సీజన్ సగంలో ఉండగా ఒక పొద్దున హాజరు పుస్తకం మూసి, చప్పుడు వచ్చే వైపు నడిచాను.

తొట్ల వెనక నల్లరాతి మెట్లు రెండు. పదిమంది వరసగా కూర్చుని కత్తులు నూరుతున్నారు. మిగతా బల్లల కత్తులు వారానికోసారి వర్కుషాపులో సానచక్రం మీదికి పోయేవి. వీళ్ళు మాత్రం రోజూ రాతి మీద నూరుకునేవాళ్ళు. అందులో వింతేమీ లేదు. నూరడం అయ్యాక చూశాను. ప్రతి మనిషీ తాను నూరిన కత్తిని కుడిపక్క మనిషికి ఇచ్చింది. ఎడమపక్క మనిషి చేతిలోంచి ఇంకో కత్తి తీసుకుంది. చివరి ఆమె లేచి నడిచి వచ్చి మొదటి ఆమెతో మార్చుకుంది.

"ఎవరి కత్తి వాళ్ళు నూరుకోరా?" అని అడిగాను.

నిర్మలమ్మ అనే పడుచు పిల్ల నవ్వింది. నోరు పదునైన మనిషి. "రైటరప్ప ఒలిచే పనికి వస్తాడంట అక్కా. చీర తెప్పిద్దామా?"

"ముందు కత్తి పట్టుకోవడం రానీ మే," అంది పక్కనున్న మునెమ్మ అనే పెద్దావిడ.

నేను సిగ్గుపడి తిరిగి వచ్చాను. నా ప్రశ్న మెట్ల మీదే ఉండిపోయింది.

దానికి జవాబు చాలా రోజుల తర్వాత, వాన వల్ల పండ్లు రాని ఒక మధ్యాహ్నం, దేవకమ్మే చెప్పింది. ఆమె పుట్టింది కార్వేటినగరం దగ్గర. పద్నాలుగేళ్ళకు పెనుమూరు వైపు ఒక ఉమ్మడి కుటుంబానికి కోడలయింది. అయిదుగురు తోడికోడళ్ళలో ఆఖరిది.

"మా అత్త మాకొక కట్టడి పెట్టింది అప్పా. ఎవురి తల వాళ్ళు దువ్వుకోగూడదు. సాయంత్రం అయిదుమందీ వరసగా కూర్చోవాల. నా జడ మా నాలుగో తోడికోడలు ఎయ్యాల. పొద్దున ఆయమ్మతో నేను పిండి రుబ్బేకాడ కొట్లాడుంటా. సాయంత్రానికి నా జుట్టు ఆయమ్మ సేతిలో ఉంటాది. పీకితే ఎట్ల? అందుకని మధ్యాన్నానికే మాట కలుపుకుంటా ఉంటి."

"ఆమె పీకేదా?"

"రెండుసార్లు పీకింది. నేనూ పీకినా, నా వంతు వచ్చినప్పుడు. ఆమైన కొన్నాళ్ళకు మాకే యాష్టకొచ్చి, ఇసుగు పుట్టి నిలిపేస్తిమి." ఆమె నవ్వింది. "ఈడ జుట్టు లేదు, కత్తి ఉండాది. అంతే."

నేను ఆ మాటను అప్పుడు అంతగా నమ్మలేదు. నిర్మలమ్మ కథ విన్నాక నమ్మాను. నిర్మలమ్మ రెండో బల్ల మీద ఒకామె మొహాన టెంక విసిరి, సూపర్‌వైజరు రాజారత్నం చేత తిట్లు తిని మూడో బల్లకు వచ్చింది. దేవకమ్మ ఆ పిల్లను మునెమ్మకు ఎడమపక్కన కూర్చోబెట్టింది. అంటే మునెమ్మ కత్తి నూరే పని నిర్మలమ్మది. మొదటిరోజు ఆ పిల్ల రెండుసార్లు రాతి మీద రుద్ది విసిరేసినట్టు ఇచ్చింది. మొద్దు కత్తి పండు మీద జారుతుంది. మునెమ్మ వేలు తెగింది. తెగిన చోట మామిడి సొన తగిలితే ఎట్లా ఉంటుందో అక్కడ అందరికీ తెలుసు. మునెమ్మ గుడ్డపీలిక చుట్టుకుని, మళ్ళీ కత్తి పట్టుకుంది. దేవకమ్మ తన పండు తాను ఒలుచుకుంటూ పోయింది. రోజంతా ఆ పీలిక నిర్మలమ్మ కళ్ళ ముందే ఎర్రగా, తర్వాత పసుపుగా, తర్వాత నల్లగా మారుతూ వచ్చింది. మర్నాడు అందరికంటే ముందు మెట్ల మీదికి వచ్చి కూర్చున్నది ఆ పిల్లే అని మునెమ్మ నాకు చెప్పింది. "నిండా నూరింది. నా కత్తి సగం అరగదీసింది," అంది.

రెండో సీజన్లో ఇంకో సంగతి కనిపెట్టాను. అది నేను కనిపెట్టకుండా ఉండాల్సిన సంగతి.

మునెమ్మకు కళ్ళు సరిగా కనిపించేవి కావు. రెండు కళ్ళలోనూ పొర కమ్ముకుంటోంది. ఆపరేషనంటే భయం. పండును బొటనవేళ్ళతో తడిమి, వాసన చూసి, వేళ్ళ ఆనవాలుతోనే కత్తి నడిపి ఒలిచేది. చేతికి తొక్క తెలుస్తుంది కానీ, నల్లమచ్చ తెలియదు. అందుకని ఆమెకు కుడిపక్కన కూర్చున్న దేవకమ్మ మచ్చలేని పండ్లు ఏరి ఆమె ముందు పెట్టేది. ఆమె ఒలిచినదాన్ని ఎడమపక్క నిర్మలమ్మ ఒకసారి తిప్పి చూసి, మిగిలిన తొక్క గీకి పళ్ళెంలో వేసేది. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. పండు కుడి నుంచి ఎడమకు, చేతి నుంచి చేతికి, నీళ్ళ మీద దీపం వెళ్ళినట్టు వెళ్ళిపోయేది.

నేను చూస్తున్నానని దేవకమ్మకు తెలిసింది. ఆ సాయంత్రం కిటికీ దగ్గరికి వచ్చింది.

"సూసినావు గదా."

"చూశాను అక్కా."

"ఆయమ్మ అల్లుడింట్లో కూడు తింటాది. ఈ మూడు నెల్ల పని ఉంటేనే ఆ ఇంట్లో ఆయమ్మకు కూర్చోమని పీట ఏస్తారు. రాజారత్నానికి తెలిస్తే ఒక్క పూట కూడా ఉంచడు."

"నేను చెప్పను."

"సెప్పవని తెలుసు. అడగడానికి రాలేదు. నీకు తెలుసని నాకు తెలుసని సెప్పడానికి వచ్చినా."

మూడో సీజను, 1981. గుజ్జు కొనే పెద్ద కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది, డబ్బాల్లో తొక్క ముక్కలు కనిపిస్తున్నాయని. మేనేజరు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మంచివాడే, ఉత్సాహం ఎక్కువ. తిరుగు బుట్టల పుస్తకం తెప్పించుకుని చూశాడు. మూడో బల్ల వరస దాదాపు ఖాళీగా ఉంది. దేవకమ్మను పిలిపించాడు. నేను ఆయన గదిలోనే ఓ పక్కన లెక్కలు రాసుకుంటూ ఉన్నాను.

"ఏమ్మా, మీ బల్ల కిటుకేమిటి?"

"కిటుకేముంది సార్. కూర్చోని ఒలుస్తాం."

"అందరూ కూర్చునే ఒలుస్తున్నారు. మీకే ఎందుకు బాగా వస్తోంది?" ఆయన పెన్సిలుతో కాగితం మీద ఆరు గీతలు గీశాడు. "ఇదిగో, సోమవారం నుంచి మీ బల్లవాళ్ళను విడదీసి మిగతా అయిదు బల్లలకు ఒకరిద్దరిని పంపిద్దాం. వాళ్ళకూ మీ పని అబ్బుతుంది. కొత్తవాళ్ళను నీ దగ్గర వేస్తాను."

దేవకమ్మ ఆ గీతల్ని చూస్తూ నిలబడింది. నాకు ఆమె ఏమి చూస్తోందో తెలుసు. ఇంకో ఊరివాళ్ళ బల్ల దగ్గర మునెమ్మ. ముందు పెట్టే చెయ్యి లేదు, వెనక చూసే కన్ను లేదు. ఒక్క గంటలో బయటపడిపోతుంది.

"ఆదివారం దాకా టైమియ్యండి సార్," అంది.

ఆ రెండు రోజులూ మూడో బల్ల మీద మాటలు తక్కువయ్యాయి. మునెమ్మకు సంగతి తెలిసింది. నేను మధ్యాహ్నం అటు వెళ్ళినప్పుడు ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నన్ను ముందే పనిలోంచి ఎల్లబార్చేస్తే మేలు దేవకమ్మా," అంటోంది. "వాళ్ళు పొమ్మంటే సిగ్గుగా ఉంటాది. నేనే పోయినానంటే వేరేగా ఉంటాది."

"యాడికి పోతావు?"

"మా ఇంటికే."

"మీ ఇంట్లో నీకు పని ఏముండాది? కూర్చో," అంది దేవకమ్మ.

ఆదివారం సాయంత్రం ఆమె మేనేజరు గదికి ఒక చిన్న గుడ్డమూట తెచ్చింది. అందులో రెండు కత్తులు, రెండు పండ్లు. బల్ల మీద పెట్టి, "ఒలిచి సూడండి సార్," అంది.

మేనేజరు నవ్వాడు. కానీ ఒలిచాడు. మొదటి కత్తి తొక్కతోపాటు కండ లాగింది. రెండోది తగిలించగానే తొక్క తనంతట తానే దిగిపోయింది, పల్చగా, వెలుతురు కనిపించేటంత పల్చగా.

"మొదటిది సానచక్రం మీద పట్టిచ్చింది సార్. రెండోది మా మునెమ్మ నూరింది. మీరు అడిగిన కిటుకు ఇదే. ఆయమ్మను ఒలిచే పని మానిపించి, ఆరు బల్లల కత్తులకూ కూర్చోబెట్టండి. బల్లల్ని కదిలించే పని ఉండదు."

 అది కిటుకు కాదని నాకు తెలుసు, ఆమెకు తెలుసు. మునెమ్మ బాగా నూరుతుందన్నది మాత్రం నిజమే. చూపు లేని వేళ్ళు పదునును వెంట్రుకవాసిలో పట్టుకునేవి. మేనేజరు తొక్కను వెలుతురుకు పట్టి చూసి, రాజారత్నాన్ని కేకేశాడు. సోమవారం నుంచి షెడ్డు మొదట్లో మునెమ్మకు ఒక పీట, ఒక రాయి, ఒక నీళ్ళ బకెట్టు. అరవై కత్తులు. మూడో బల్ల మునెమ్మ ఒక్కతి తప్ప చెదరలేదు.

దేవకమ్మ గెలిచిందనుకున్నాను. ఆమె కూడా అట్లాగే అనుకుందేమో. ఆ వారం నవ్వుతూ కనిపించింది.

తర్వాతి వారంలో ఒక పొద్దున నేను పుస్తకం తెరిచి కూర్చుని, ఏదో తక్కువయినట్టనిపించి తల ఎత్తాను. తొట్ల వెనక నిశ్శబ్దం. ఒక్క రాతి చప్పుడు మాత్రం షెడ్డులోంచి వస్తోంది, ఒంటరిగా, ఆగకుండా. నూరిన కత్తులు రాజారత్నం తట్టలో వేసి బల్లబల్లకూ తీసుకుపోతున్నాడు. ఎవరికి ఏది అందితే అది. ఎవరి కత్తి ఎవరి చేతిలో నూరుడు పడిందో ఇప్పుడు ఎవరికీ పట్టలేదు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వాల్సిన పని లేదు.

నెల తిరిగేలోపు మూడో బల్ల మీద మొదటి కేక వినిపించింది. మునెమ్మ చోటులోకి కొత్తగా వచ్చినామె పండ్లగంప తనవైపు లాక్కుందని నిర్మలమ్మ అరుస్తోంది. రెండు రోజుల తర్వాత ఇంకొకరు. తిరుగు బుట్ట పొద్దునొకసారి, సాయంత్రమొకసారి రావడం మొదలుపెట్టింది. చెంబులు గోడవారన ఇంతకుముందులాగే ఉన్నాయి. కానీ వాటి మధ్య ఎడం పెరిగినట్టు కనిపించేది. నా భ్రమ కావచ్చు.

నిర్మలమ్మే ఒకరోజు భోజనాల వేళ సూటిగా అడిగింది. నేను హాజరు సరిచూడటానికి అక్కడే ఉన్నాను.

"అక్కా, మన కత్తులు మనమే నూరుకుందాం. మునుపటి మాదిరి. రాజారత్నాన్ని అడుగు."

దేవకమ్మ ముద్ద కలుపుతూ తల ఎత్తలేదు.

"నూరుకుంటే?"

"మళ్ళీ బాగుంటాది గదా."

"మనం నూరుకుంటాం. అది సూసి రెండో బల్ల నూరుకుంటామంటాది. ఆమైన అయిదో బల్ల. అప్పుడు ఆయమ్మ యాడ కూర్చుంటాది మే?"

నిర్మలమ్మ షెడ్డు మొదటి వైపు చూసింది. మునెమ్మ పీట మీద నిటారుగా కూర్చుని ఉంది. ముందు అంత నిటారుగా కూర్చునేది కాదు. దారిన పోతూ ప్రతి బల్ల పెద్దా ఆగి, "మునెమ్మత్తా, మా కత్తులు ఇంకొంచెం సూడు" అంటూ ఉంటే, "అట్ల పెట్టిపోండి, మీ వంతు వస్తాది" అని అధికారంగా చెబుతోంది.

నిర్మలమ్మ తలదించుకుని ముద్ద కలుపుకుంది. ఆ రోజు నుంచి ఆ బల్ల మీద అరుపు కొంచెం తగ్గింది కానీ, పాత నిశ్శబ్దం మాత్రం రాలేదు.

దేవకమ్మ చూస్తూ ఊరికే లేదు. ఒకరి తట్ట ఒకరు మోయాలని పెట్టి చూసింది. నాలుగు రోజులు నడిచింది. మధ్యాహ్నం పూట ఒకరి తల ఒకరు దువ్వుకోవాలంది. వెంట్రుకలు గుజ్జులో పడతాయని రాజారత్నం ఒప్పుకోలేదు. తర్వాతి సీజన్ మొదట్లో, మేనేజరు అడక్కుండానే, తనను ఆరో బల్లకు మార్చమని అడిగింది. అక్కడ ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు ఉన్నారు. మూడో బల్లకు నిర్మలమ్మ పెద్ద అయింది. పొద్దున కిటికీ దగ్గరికి వచ్చి పేర్లు చెప్పే గొంతు మారింది.

నేను ఆ ఏడాదే తిరుపతిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. కానీ ఒక ప్రశ్న నాతోనే వచ్చింది. ఆఫీసుల్లో బల్లలు చూసినప్పుడల్లా, పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరు ఏమీ ఇచ్చుకోని మనుషుల్ని చూసినప్పుడల్లా, ఆమె ఆ ఆదివారం ఏమి తెలిసి ఆ మూట విప్పిందో అనుకునేవాణ్ణి. ఒక మనిషి కోసం ఒక బల్లను ఇచ్చేసిందా? ఇచ్చేస్తున్నానని ఆ క్షణాన తెలుసా?

1986లో, చిత్తూరు బస్టాండులో మధ్యాహ్నం పూట, తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. "రైటరప్పా." తిరిగి చూస్తే దేవకమ్మ. జుట్టు నెరిసింది. చేతిలో అరటిపళ్ళ సంచి. కాణిపాకం వైపు పోతున్నానంది. మునెమ్మ అల్లుడిల్లు అటే.

"ఆమె ఇంకా పనికి వస్తోందా?"

"రాకుండా ఏం. కండ్లు పూర్తిగా పోయినాయి. అల్లుడే సైకిలు మీద తెచ్చి ఇడిసిపెట్టి పోతాడు. సీజన్లో ఆయప్పకు ఆమె అంటే శానా మర్యాద." నవ్వింది. "ఇప్పుడు ఒంట్లో బాగలేదంట. పోయి సూసొస్తా."

తిరుపతి బస్సు వచ్చి నిలబడింది. జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసురుతున్నారు. నేను కదలకుండా, ఇన్నేళ్ళు దాచుకున్నది అడిగేశాను.

"అక్కా, ఆ రోజు మేనేజరుకు చెప్పింది అసలు సంగతి కాదు గదా. దానివల్ల నీ బల్ల పోయింది. పోతుందని అప్పుడే తెలుసా నీకు?"

ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. కండక్టరు బస్సు రేకు మీద చరుస్తున్నాడు. ఆమె నన్ను బస్సు వైపు మెల్లగా తోస్తూ అంది:

"తెలీదప్పా. నాకు ఆ పొద్దు ఆయమ్మ కూర్చునే చోటు ఒకటే కనబడతా ఉన్నింది. అయినా అది అబద్ధమని నువ్వొక్కడివే ఇంకా అనుకుంటాండావు. మునెమ్మ నిజమనే అనుకుంటాండాది. నాకూ రానురాను అట్లే అనిపిస్తా ఉండాది. సరే పో, ఎక్కు. సీటు దొరకదు నీకు."